ఈత అంతంత మాత్రమే - శిష్యులు మాత్రం ప్రపంచ విజేతలు

చెరకు తోటల కాలువ గట్టున నిలబడిన బడిపంతులు కథ

వికారాబాద్, తాండూరు ప్రాంతాల్లో ఎండలు ముదిరాయంటే పిల్లల కాళ్లు నీళ్ల వైపు లాగుతాయి. కోట్‌పల్లి ప్రాజెక్టు, సర్పన్‌పల్లి ప్రాజెక్టు, కాగ్నా మడుగులు, పొలాల్లో మిగిలిన పాత మోట బావులు, తాండూరు చుట్టుపక్కల నాపరాయి తీసి వదిలేసిన గుంతలు - నీరు ఎక్కడ కనబడితే అక్కడ చొక్కాలు గట్టు మీద పడతాయి. అన్నను చూసి తమ్ముడు, ఒకరిని చూసి ఒకరు దిగుతారు. కొందరికి ఈత అబ్బుతుంది. కొందరికి అబ్బదు. అబ్బని వారిలో కొందరు ఇంటికి తిరిగి రారు. ఇలాంటి వార్త లేకుండా ఒక్క వేసవి కూడా గడవడం లేదు.

నీళ్ల దగ్గరకు పోవద్దని తల్లిదండ్రులు కట్టడి చేస్తారు. పిల్లలు చాటుగా పోతారు. కావలివారు తరుముతారు. పిల్లలు ఇంకో చోట, ఇంకా లోతైన చోట దిగుతారు. ఈ తంతు తరాలుగా నడుస్తూనే ఉన్నది.

దాదాపు తొంభై ఏళ్ల క్రితం పసిఫిక్ మహాసముద్రం నడుమ ఒక దీవిలో, చెరకు తోటల మధ్య సరిగ్గా ఇదే పరిస్థితి ఒక బడిపంతులుకు ఎదురైంది. ఆయన పిల్లలను తరమలేదు. తానే వెళ్లి కాలువ గట్టు మీద నిలబడ్డారు. ఆయనకు స్వయంగా ఈత అంతంత మాత్రమే. అయినా ఆయన చేతి కింద తయారైన ఈతగాళ్లు ప్రపంచ రికార్డులు నెలకొల్పారు. ఒకరు ఒలింపిక్ స్వర్ణ పతకాలు గెలుచుకున్నారు. ఆ పంతులు పేరు సోయిచి సకమోటో.

కూలీల బిడ్డలకు కాలువే కొలను

హవాయి దీవులు అప్పట్లో అమెరికా ఏలుబడిలోని ప్రాంతం. 1959లో గాని అవి రాష్ట్రం కాలేదు. అక్కడి చక్కెర కంపెనీలు జపాన్, చైనా, ఫిలిప్పీన్స్, పోర్చుగల్ దేశాల నుంచి కూలీలను ఓడల మీద తెచ్చుకున్నాయి. వారిని తోటల మధ్య వాడల్లో ఉంచి పని చేయించుకునేవి. అలా జపాన్ నుంచి వచ్చిన కుటుంబంలో 1906లో మావీ అనే దీవిలో సకమోటో జన్మించారు. చదువుకుని, అదే దీవిలో పునెనె అనే ఊరి బడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. ఆయన బడిలో చదివేదంతా తోట కూలీల పిల్లలే.

కొండల మీద నుంచి చెరకు మళ్లకు నీరు తెచ్చే సాగునీటి కాలువలు ఆ వాడల పక్కగా పారేవి. వెడల్పు కొద్ది అడుగులు మాత్రమే గాని వడి ఎక్కువ. బడి వదలగానే పిల్లలు అందులో దూకేవారు. తోట కావలివారు వచ్చి తరిమేవారు. పిల్లలు పరుగెత్తి, కావలివారు అటు పోగానే మళ్లీ దిగేవారు. ఇది చూసిన సకమోటో తోట యాజమాన్యం వద్దకు వెళ్లి ఒక మాట అడిగారు. పిల్లలను తాను దగ్గరుండి చూసుకుంటానని, కాలువలో దిగనివ్వమని ఆ కోరిక. అనుమతి లభించింది. ఆనాటికి ఆయన మనసులో పతకాలు లేవు. పిల్లలకు ఏ హానీ జరగకూడదన్నదే ఆలోచన.

ఎదురీతే పాఠం

రోజూ గట్టు మీద నిలబడి చూస్తుంటే పంతులుకు ఆసక్తి పెరిగింది. ఏ పిల్లవాడి చేయి నీటిని ఎలా తోస్తున్నది, ఎవరి కాళ్లు వృథాగా కొట్టుకుంటున్నాయి, ఎవరు తల ఎక్కువ ఎత్తి ఆయాసపడుతున్నారు అన్నది గమనించసాగారు. తనకు ఈత శాస్త్రం తెలియదు. నేర్పే గురువూ ఆ దీవిలో లేడు. అందుచేత తాను చూసిందే పాఠంగా చేసుకున్నారు. మంచి ఈతగాడు కాకపోవడం ఒక విధంగా ఆయనకు కలిసివచ్చింది. తనకు వచ్చిన తీరునే పిల్లల మీద రుద్దకుండా, నీటిలో ఏది పని చేస్తున్నదో దానినే పట్టుకున్నారు.

కాలువ ఈత కొలను కాదు. నీరు నిలవదు. ఆ లోపాన్నే సకమోటో సాధనంగా మార్చుకున్నారు. పిల్లలను ప్రవాహానికి ఎదురుగా ఈదమన్నారు. చేతులు ఆగితే నీరు వెనక్కు తోసేస్తుంది కనుక బద్ధకానికి తావు లేదు. కొంత దూరం ఎదురీది, తరువాత ప్రవాహం వెంట తేలుతూ వచ్చేవారు. ఆ కాసేపు విశ్రాంతి. మళ్లీ ఎదురీత. శక్తినంతా పెట్టి కొంతసేపు శ్రమ, కొద్ది విరామం, మళ్లీ శ్రమ - ఈ పద్ధతిని తరువాతి కాలంలో ప్రపంచంలోని ఈత శిక్షకులందరూ అనుసరించారు. ఇంటర్వెల్ శిక్షణ అన్నది దాని పేరు. దానికి తొలి దారి వేసిన వారిలో సకమోటో ఒకరని ఈత చరిత్రకారులు చెబుతారు.

వాగుకు ఎదురీదడం ఎంత కష్టమో మన పల్లెల్లో పశువులు కాసిన వారిని అడిగినా చెబుతారు. ఒడ్డు చేరాలంటే వాలుగా ఈదాలని, ఎదురు పోతే చేతులు పడిపోతాయని పెద్దలు అంటారు. ఆ కష్టమే రోజూ కొలత ప్రకారం, కంటి ముందు, క్రమంగా పెంచుతూ చేయిస్తే అది శిక్షణ అవుతుందని ఈ పంతులు గ్రహించారు.

మూడేళ్ల మాట

1937లో ఆయన పిల్లలందరినీ కూర్చోబెట్టి ఒక సంఘం ఏర్పాటు చేశారు. దాని పేరు మూడేళ్ల ఈత సంఘం. 1940 ఒలింపిక్స్ జపాన్ రాజధాని టోక్యోలో జరగవలసి ఉన్నది. వాటికి ఇంకా మూడేళ్ల గడువు. ఆ మూడేళ్లు తన మాట ప్రకారం కష్టపడితే అమెరికా జట్టులో చోటు సంపాదించవచ్చునని పిల్లలకు చెప్పారు. చెప్పులు కూడా లేని కూలీల పిల్లలతో ఒక పల్లెటూరి పంతులు అన్న మాట అది. విన్నవారు నవ్వే ఉంటారు. పిల్లలు మాత్రం నమ్మారు.

ఆ పిల్లల్లో చాలామంది జపాన్ సంతతి వారు. తల్లిదండ్రులకు అమెరికా పౌరసత్వం పొందే హక్కు లేదు. అక్కడే పుట్టిన బిడ్డలు మాత్రం పుట్టుకతోనే అమెరికా పౌరులు. తాతల నాటి దేశంలో, తాము పుట్టిన దేశం తరఫున పోటీ చేయాలన్నది వారి ఆశ.

ప్రయాణ ఖర్చులకు ఊరివారు చందాలు పోగు చేశారు. సముద్రం మీద రోజుల తరబడి ప్రయాణించి పిల్లలు అమెరికా పోటీలకు వెళ్లారు. 1938లో టకాషి హిరోసె అమెరికా జట్టుకు ఎంపికై జర్మనీ వెళ్లివచ్చారు. స్నేహితులు ఆయనను హాలో అని పిలిచేవారు. 1939లో అమెరికా జాతీయ పోటీల్లో మావీ జట్టు సమష్టి విజేతగా నిలిచింది. 1940లోనూ, 1941లోనూ ఆ విజయమే పునరావృతమైంది. పెద్ద పెద్ద నగరాల సంఘాలను, కళాశాలల ఈతగాళ్లను ఒక కాలువ ఒడ్డు జట్టు వరుసగా మూడుసార్లు ఓడించింది. ఫుజికో కత్సుతాని అనే బాలిక ఛాతీ ఈత పోటీలో జాతీయ విజేత అయింది. కియో నకామా 1942లో మైలు దూరం ఈతలో ప్రపంచ రికార్డు నెలకొల్పారు.

యుద్ధం మింగిన ఆశ

పిల్లలు మాట నిలబెట్టుకున్నారు. ప్రపంచమే మాట తప్పింది. చైనాతో యుద్ధంలో కూరుకుపోయిన జపాన్ 1938లోనే ఒలింపిక్స్ నిర్వహణ నుంచి తప్పుకున్నది. వాటిని ఫిన్లాండ్‌కు మార్చారు. ఇంతలో ఐరోపాలో యుద్ధం వచ్చి 1940 ఒలింపిక్స్ రద్దయ్యాయి. 1944లో జరగవలసినవి కూడా రద్దయ్యాయి. 1941 డిసెంబరు 7న హవాయిలోని పెర్ల్ హార్బర్ నౌకా స్థావరం మీద జపాన్ బాంబులు కురిపించింది. ఆనాటి నుంచి జపాన్ సంతతి వారందరి మీద అనుమానపు చూపులు పడ్డాయి. అలాంటి రోజుల్లో హిరోసె అమెరికా సైన్యంలో చేరి, జపాన్ సంతతి వారితో ఏర్పడిన 442వ రెజిమెంటులో ఐరోపా వెళ్లి పోరాడారు.

నకామా, హిరోసె, ఫుజికోలలో ఎవరికీ ఒలింపిక్స్‌లో పోటీ చేసే యోగం కలగలేదు. వయసులో ఉన్నప్పుడు పోటీలు లేవు. పోటీలు వచ్చేనాటికి వయసు జారిపోయింది.

అయినా పంతులు గట్టు దిగలేదు. హొనలులు నగరం నుంచి బిల్ స్మిత్ అనే కుర్రాడు మావీ వచ్చి ఆయన దగ్గర చేరాడు. చిన్నతనంలో టైఫాయిడ్ వచ్చి చిక్కిపోతే బలం కోసం ఈత మొదలుపెట్టినవాడతను. సకమోటో శిక్షణలో 1941లో ప్రపంచ రికార్డులు సాధించాడు. యుద్ధం ముగిశాక 1948లో లండన్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతలో స్వర్ణ పతకం గెలిచాడు. నలుగురు కలిసి ఈదే 800 మీటర్ల రిలేలో మరో స్వర్ణం దక్కింది. కాలువ గట్టున పంతులు మాట ఇచ్చి 11 ఏళ్లు గడిచిన తరువాత ఆ కల మరొకరి చేతుల మీదుగా నెరవేరింది.

పతకాల కన్నా మిగిలినది మరొకటి ఉన్నది. నకామా, హిరోసె, స్మిత్ ముగ్గురూ ఈత పుణ్యమా అని అమెరికాలోని ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. చెరకు నరకవలసిన చేతులు పుస్తకం పట్టాయి. నకామా తిరిగివచ్చి తానూ ఉపాధ్యాయుడు, ఈత శిక్షకుడు అయ్యారు. తరువాత హవాయి శాసనసభకు ఎన్నికయ్యారు. 1961లో మొలొకాయి దీవి నుంచి ఒవాహు దీవి వరకు సుమారు 43 కిలోమీటర్ల సముద్రాన్ని పదిహేను గంటలకు పైగా ఈది దాటారు. ఆ జలసంధిని ఈదిన తొలి వ్యక్తిగా పేరు పొందారు.

ఇసుక గుంతలో దూకిన కుర్రాడు

ఈతతో పాటు చెప్పుకోవలసింది ఎత్తు నుంచి నీటిలోకి దూకే విద్య. మన పిల్లలు బావి దరి మీద నుంచి, చెట్టు కొమ్మ మీద నుంచి చేసేది అదే. పోటీల్లో దానిని డైవింగ్ అంటారు. స్మిత్ గెలిచిన ఆ లండన్ ఒలింపిక్స్‌లోనే పది మీటర్ల ఎత్తు నుంచి దూకే పోటీలో స్వర్ణం గెలిచిన వ్యక్తి శామీ లీ. కొరియా నుంచి అమెరికాకు వలస వెళ్లిన కుటుంబంలో 1920లో పుట్టారు.

ఆయన బాల్యంలో పాసడీనా పట్టణపు ఈత కొలనులోకి తెల్లవారు కాని పిల్లలను వారానికి ఒక్కరోజు మాత్రమే రానిచ్చేవారు. ఆ రోజు గడవగానే నీళ్లన్నీ తోడేసి కొత్త నీళ్లు నింపేవారు. ఊరి బావి దగ్గర ఒకప్పటి అంటరానితనం ఎరిగిన మన పెద్దలకు ఈ సంగతి వివరించనక్కరలేదు. మిగతా రోజుల్లో ఈ కుర్రాడు ఏం చేయాలి? జిమ్ ర్యాన్ అనే శిక్షకుడు తన ఇంటి పెరట్లో గొయ్యి తవ్వి ఇసుక నింపారు. లీ నీటికి బదులు ఆ ఇసుకలో దూకి గాలిలో పల్టీలు నేర్చుకున్నారు. ఇసుకలో దూకి దూకి కాళ్లకు బలం వచ్చింది.

లీ వైద్యం చదివి డాక్టరయ్యారు. 1948లోను, మళ్లీ 1952లోను అదే పోటీలో స్వర్ణం గెలిచారు. రెండో గెలుపు నాటికి ఆయనకు సరిగ్గా 32 ఏళ్లు నిండాయి. ఆ తరువాత తాను నేర్చింది ఇతరులకు నేర్పారు. ఆయన శిక్షణ పొందిన బాబ్ వెబ్‌స్టర్ 1960, 1964 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు సాధించారు. గ్రెగ్ లుగానిస్ అనే బాలుణ్ణి తన ఇంట్లోనే ఉంచుకుని తయారు చేశారు. ఆ బాలుడు 16 ఏళ్ల వయసులో 1976 ఒలింపిక్స్‌లో రజతం గెలిచి, తరువాత 1984, 1988లలో నాలుగు స్వర్ణాలు గెలుచుకున్నాడు. శామీ లీ 2016లో 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఒకరికి కాలువ, మరొకరికి ఇసుక గుంత. ఇద్దరి కథలోనూ ముందు కొలను రాలేదు. ముందు ఒక మనిషి వచ్చాడు.

మన నీళ్లు - మన పిల్లలు

నీటి విద్య మనకు కొత్త కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో 100 మీటర్ల ఈతలో సచిన్ నాగ్ మన దేశానికి స్వర్ణం తెచ్చారు. డైవింగ్‌లో కె.పి. ఠక్కర్ రెండు స్వర్ణాలు గెలిచారు. ఈత నేర్వడానికి వయసు అడ్డు కాదని కూడా మన తెలుగు మహిళే చూపించారు. హైదరాబాద్‌లో నివసించే గోలి శ్యామల నలభై ఏళ్లు దాటిన తరువాత ఈత నేర్చుకుని, 2021 మార్చిలో 47 ఏళ్ల వయసులో శ్రీలంక నుంచి ధనుష్కోటి వరకు సముద్రాన్ని పదమూడున్నర గంటలకు పైగా ఈది దాటారు.

కాని మన పల్లెల్లో ఈత పతకాల ప్రశ్న కాదు, ప్రాణాల ప్రశ్న. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2018 నుంచి 2022 వరకు ప్రతి ఏటా దేశంలో 30 వేల మందికి పైగా నీట మునిగి చనిపోయారు. ఈ సమస్య మీద దృష్టి మళ్లించడానికి ఐక్యరాజ్య సమితి 2021లో జులై 25వ తేదీని మునక మరణాల నివారణ దినంగా ప్రకటించింది.

దీనికి లక్షలు పోసి కొలను కట్టించనక్కరలేదని బంగ్లాదేశ్ పల్లెలు నిరూపించాయి. అక్కడ ఊరి చెరువులోనే ఒక మూల వెదురు బొంగులతో కంచె కట్టి, అడుగున పిల్లల కాళ్లకు అందేలా వెదురు వేదిక వేసి, నాలుగేళ్లు దాటిన పిల్లలకు ఈత నేర్పుతున్నారు. నేర్పేది ఆ ఊరి యువకులూ యువతులే. ముందుగా వారికి శిక్షణ ఇస్తారు. ఈత నేర్చిన పిల్లల్లో మునక మరణాలు బాగా తగ్గినట్లు పరిశీలనలో తేలింది.

మన దగ్గర వెనుకటి తరం వారు నడుముకు బెండ్లు గాని, ఎండిన సొరకాయ బుర్రలు గాని కట్టి, తాడు పట్టుకుని బావిలో పిల్లలకు ఈత నేర్పేవారు. తాడు రెండో కొస తండ్రి చేతిలోనో మేనమామ చేతిలోనో ఉండేది. మోటలు పోయి బోర్లు వచ్చాయి. బావులు పూడిపోయాయి. తాడు పట్టుకునే చేయీ పోయింది. పిల్లలు మాత్రం నీటికి పోతూనే ఉన్నారు.

నాపరాయి గుంతల సంగతి మరీ ప్రమాదకరం. చెరువుకు వాలు ఉంటుంది, పాత బావికి మెట్లు ఉంటాయి. రాయి కోసిన గుంతకు అవి ఉండవు. అంచు నిలువుగా తెగి ఉంటుంది. ఒక్క అడుగుతోనే నిలువు లోతు. ఈత వచ్చినవాడికి కూడా పట్టుకుని పైకి ఎక్కే ఆధారం దొరకదు. అక్కడ ఈత నేర్పవలసిన పని లేదు. కంచె వేయవలసిన పని ఉన్నది.

కొన్ని జాగ్రత్తలు ప్రతి ఇంట్లో చెప్పుకోదగినవి. పిల్లలు ఒంటరిగా నీటిలో దిగరాదు. లోతు తెలియని చోట తలకిందులుగా దూకరాదు, అడుగున రాయి తగిలితే మెడ విరుగుతుంది. మునుగుతున్నవాడి కోసం ఈత రానివాడు దూకితే రెండు ప్రాణాలు పోతాయి. తాడు, వెదురు గడ, విప్పిన చీర, మూత బిగించిన ఖాళీ డబ్బా - అందిన దాన్ని గట్టు మీద నుంచే అందించాలి, కేకలు వేసి నలుగురిని పిలవాలి. బయటకు తీసినవాడి పొట్ట నొక్కుతూ, తలకిందులుగా తిప్పుతూ కాలం వృథా చేయరాదు. వెల్లకిలా పడుకోబెట్టి, శ్వాస ఆడకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊదాలి, ఛాతీ నడుమ గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. ఒకరు ఆ పని చేస్తుండగా మరొకరు 108కు ఫోను చేయాలి.

సకమోటో 1946 నుంచి ఇరవై ఏళ్లు హవాయి విశ్వవిద్యాలయంలో ఈత శిక్షకుడుగా పని చేశారు. ఆయన శిష్యురాలు ఎవెలిన్ కవమోటో 1952 ఒలింపిక్స్‌లో రెండు కాంస్య పతకాలు గెలిచారు. 1966లో అంతర్జాతీయ ఈత ప్రముఖుల జాబితాలో సకమోటో పేరు చేరింది. 1997లో ఆయన మరణించారు. పునెనె చక్కెర మిల్లు కూడా 2016 డిసెంబరులో చివరి చెరకు ఆడి మూతపడింది.

ఆయన మొదట చేసిన పని చూస్తే చాలా చిన్నది. తరిమే చోట నిలబడి చూసుకుంటానని బాధ్యత తీసుకోవడం, రోజూ ఆ వేళకు తప్పకుండా రావడం. వికారాబాద్, తాండూరు పల్లెల్లో ఈత వచ్చిన పెద్దలకు కొదవ లేదు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులున్నారు, సైన్యంలో పని చేసి వచ్చినవారున్నారు, చేపలు పట్టే కుటుంబాల వారున్నారు. వేసవి సెలవుల్లో ఊరికి ఇద్దరు, ఒక గట్టి తాడు, ఒక ఈల, లోతు కొలిచి హద్దు కట్టిన ఒక చోటు - పంచాయతీ పూనుకుంటే ఇంతకు మించి ఖర్చు లేదు. ఆడపిల్లలకు కూడా విడిగా ఒక వేళ కేటాయించడం అవసరం. బట్టలు ఉతకడానికి, నీళ్లకు వెళ్లి జారిపడేవారిలో వారూ ఉన్నారు.

వచ్చే వేసవికి ఎండలు ముదరక ముందే గ్రామసభల్లో ఈ మాట చర్చకు రావాలి.